చదివి వినిపించనిదే గడి నింపని మా బావగారు

మా బావగారు రామకోటయ్య గారు ఇక లేరు. ఈ మాట నా చేత్తో నేనే రాయవలసి వస్తుందని ఏనాడూ అనుకోలేదు. ఆ దుర్వార్త అందే వేళకు నేను క్రోసూరులో మా చెల్లెలి ఇంట్లో, దాని కూతురి సీమంతానికి గాజులు సర్దుతున్నాను. గురజాల నుంచి ఫోను వచ్చిందని ఎదురింటి ఎరువుల కొట్టాయన పరుగున వచ్చి పిలిచాడు. ఫోనులో మా బావగారి అబ్బాయి సాంబశివరావు. "పిన్నీ, నాన్న పోయాడు. కాఫీ తాగిద్దామని లేపితే లేవలా" అన్నాడు. నేను అన్న మొదటి మాట ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. "అదేందిరా, గురువారానికి వస్తానని చెప్పి వచ్చాగా!" అన్నాను. రెండేళ్ళుగా మంచాన ఉన్న మనిషి. ఎప్పటికైనా తప్పదని అందరికీ తెలుసు. అయినా నేను గురువారం వారపత్రిక తెచ్చి చదివేదాకా ఆయన ఎక్కడికీ కదలరని నాకొక ధీమా.

రిజిస్ట్రారాఫీసు దగ్గర ఆయనతో కలిసి పనిచేసిన లేఖరులంతా పెద్దకర్మ నాటికి ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. వృత్తిలో ఆయన ప్రజ్ఞ గురించి వారు రాస్తారు. ఇంట్లో ఎలా ఉండేవారో నన్ను రాయమన్నారు. నేను ఆయన తమ్ముడి భార్యను. ఒకే ఇంటికి మధ్యగోడ పెట్టుకుని అటు వారు, ఇటు మేము ఇరవయ్యేళ్ళు బతికాం. మూడో తరగతితో బడి మానినదాన్ని. నా దగ్గరున్న మంచి మాటలన్నీ ఆయన నింపే పదబంధ ప్రహేళికల గళ్ళలోంచి ఏరుకున్నవే. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

దస్తావేజు లేఖరి అంటే పొలాలూ ఇళ్ళూ చేతులు మారేటప్పుడు కాగితం రాసి పెట్టే మనిషి. కాగితం చివర "చదివి వినిపించగా విని సమ్మతించి" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం అందరూ రాస్తారు. మా బావగారు నిజంగానే చదివి వినిపించేవారు. అంతటితోనూ ఆగేవారు కాదు. ఒకనాడు నేను క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళేసరికి దాచేపల్లి వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె మరిది నిలబడి తొందర పెడుతున్నాడు.

"ఏలిముద్ర ఏయించవయ్యా రామకోటయ్యా, బస్సు పోద్ది."

"బస్సు పోతే ఇంకోటి వస్తది. కూర్చో" అని ఆయన ఆమె వైపు తిరిగి, "అమ్మా, నేను చదివింది విన్నావుగా. నీ చేనుకి దక్షిణం ఏముందో చెప్పు" అన్నారు.

"నువ్వే చదివావు గదయ్యా."

"నేను చదివితే నాకు తెలిసినట్టు. నువ్వు చెప్పు."

"దక్షిణం మా ఆడబిడ్డోళ్ళ చేను."

"కాగితంలో బండ్ల డొంక అని రాయించాడే మీ మరిది?"

"డొంక వాళ్ళ చేను అవతల గదయ్యా!"

మరిది బస్సు సంగతి మరిచిపోయి ఆకాశం చూశాడు. ఆ రోజు కాగితం మళ్ళీ మొదటి నుంచి రాశారు. ఆడబిడ్డ చేను ఆడబిడ్డకే మిగిలింది.

ఆ బుద్ధే ఆయన పదబంధాల దగ్గరా. ఆఫీసులో ఎవరో వదిలి వెళ్ళిన వారపత్రికలో నల్ల గళ్ళు, తెల్ల గళ్ళు చూసి "ఇదేంది, సర్వే పటం లాగుందే" అనుకున్నారట మొదటిసారి. అప్పట్నుంచి ప్రతి గురువారం మాచర్ల రైల్లో పత్రికల కట్ట దిగడం ఆలస్యం, ఒకటి మా ఇంట్లో ఉండాల్సిందే. పత్రికలో అడ్డం, నిలువు అని ఉంటుంది. ఆయన నోట ఆ మాటలు ఎన్నడూ వినలేదు. ఎడమ నుంచి కుడికి వెళ్ళేది తూర్పు, పై నుంచి కిందికి దిగేది దక్షిణం. పటంలో ఉత్తరం పైకి ఉంటుంది కదా, అందుకని. "అమ్మాయ్, ఏడు తూర్పు తేలింది. పన్నెండు దక్షిణం ఇంకా మొండికేస్తంది" అనేవారు నీళ్ళ చెంబు అందుకుంటూ. కొత్తగా వచ్చిన వాళ్ళు ఏదో తగాదా పొలం గురించి అనుకునేవాళ్ళు.

ఆ గళ్ళు నింపడానికి పత్రికవారు ఇచ్చే ఆధారాలు మామూలు ప్రశ్నలు కావు. వాక్యం చెప్పేది ఒకటి, అడిగేది మరొకటి. చివర జవాబుకు ఎన్ని అక్షరాలో అంకె ఉంటుంది. దాన్ని విప్పే పద్ధతి ఆయన తన వృత్తిలోంచే తెచ్చుకున్నారు. "ఆధారంలో అర్థం మొదట్లోనైనా ఉంటది, చివర్నైనా ఉంటది. అది హద్దురాయి. ముందు హద్దురాయి పట్టుకో. మిగతా మాటలు చేను. అందులో ఒక్క సెంటు కూడా వదలకుండా కొలవాలి" అని చెప్పేవారు. పత్రికలోంచి గళ్ళు కత్తిరించి పాత నోటుపుస్తకంలో అంటించి, పక్కన అంచులో సన్నటి అక్షరాలతో ప్రతి జవాబుకూ కారణం రాసేవారు. కారణం రాశాకే గడిలో సిరా పడేది.

నాకు ఆ విద్య అబ్బిన రోజు బాగా గుర్తు. తమ్ముడి భార్యను కనక అప్పటిదాకా బావగారి ఎదుట కూర్చుని ఎరగను. ఆ మధ్యాహ్నం మా అక్క, అంటే మా తోటికోడలు, నేనూ వసారాలో బియ్యం ఏరుతున్నాం. ఆయన కళ్ళజోడు కింద పడి చిట్లింది. "అమ్మాయ్, ఇది కాస్త చదివి పెట్టు" అని పత్రిక ఇటు చాపారు. నేను అక్క ముఖం చూశాను. "చదవవే, కొరుకుతారా ఏంది" అంది అక్క. కూడబలుక్కుంటూ చదివాను. "పాపల కబుర్లలో అక్షరాలు దిద్దేది. మూడు."

"ఏం చెబుతావు?" అన్నారు.

"కబుర్లు చెప్పుకుంటా అక్షరాలు దిద్దితే వంకరపోతాయి బావగారూ."

అక్క పకపకా నవ్వింది. "దానికి బియ్యంలో రాళ్ళు ఏరడం వచ్చు గాని మీ గళ్ళు ఎక్కడ వస్తయ్యండీ?"

"ఇదీ ఏరడమే" అన్నారాయన. "హద్దురాయి ఏదమ్మాయ్?"

"అక్షరాలు దిద్దేది."

"నువ్వు బళ్ళో దేని మీద దిద్దావు?"

"పలక మీద."

"మరి పలక ఎక్కడుంది?"

నేను చటుక్కున లేచి, గూట్లోంచి మా పిల్లల పలక తెచ్చి ఆయన ముందు పెట్టాను. మా అక్క నవ్వు ఆపలేక చేట కింద పెట్టేసింది. బావగారు మాత్రం నవ్వలేదు. పలక పక్కకు జరిపి, "ఇంట్లో కాదమ్మాయ్, ఆధారంలో వెతుకు" అన్నారు. పాపల కబుర్లు అన్న రెండు మాటల మీద వేలు పెట్టి మళ్ళీ నడిపించాను. పా తరవాత ప, ల, ఆ పక్క మాటలోంచి క. పలక! బియ్యంలో దాక్కున్న రాయిలాగే ఉంది. చదువు లేదని అత్తవారింట ఎప్పుడూ తల వంచుకు తిరిగినదాన్ని, ఆ రోజు మా ఆయన లారీ దిగి ఇంటికి వచ్చేదాకా ఆగలేక వీధి చివరికి ఎదురెళ్ళి చెప్పాను.

ఇంకో ముచ్చట. నరసరావుపేట నుంచి ఒక తెలుగు మాస్టారు పొలం కాగితం పని మీద వచ్చి మా ఇంట్లో భోంచేశారు. అన్నం తిన్నాక గళ్ళు చూసి చకచకా చెప్పడం మొదలుపెట్టారు. "శివుడి వాహనం వెనుదిరిగితే రోజు. రెండు. దినం అండీ, వేసుకోండి."

"వేస్తాను మాస్టారూ. ఎందుకు?"

"రోజంటే దినమే గదండీ."

"కాదనను. శివుడి వాహనం ఏం చేస్తన్నట్టు అక్కడ?"

"అది ఊరికేనండీ, తికమక పెట్టడానికి."

బావగారు కలం మూత పెట్టేశారు. "ఊరికే రాసిన మాట ఏ కాగితంలోనూ ఉండకూడదు మాస్టారూ" అన్నారు. నేను కాఫీ తెచ్చిపెడుతూ ఉండబట్టలేక, "నందిని వెనక నుంచి చదవండి" అన్నాను. మాస్టారు పైకే చదివారు. నం, ది. ది, నం. ఆ తరవాత చాలాసేపు కాఫీ ఊదుకుంటూనే ఉన్నారు. చల్లారినా ఊదుతూనే ఉన్నారు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "అమ్మగారు ఎందాకా చదివారండీ?" అని అడిగారు. "గళ్ళ దాకా" అన్నారు మా బావగారు.

ఇంత నిష్ఠ వల్ల ఆయనకు నష్టమే జరిగింది. గళ్ళన్నీ తప్పు లేకుండా నింపి పంపినవారి పేర్లు పత్రికలో వేసేవారు. ఆయన పేరు పడినది అరుదు. జవాబు తెలిసినా కారణం తెలియని గడి ఒక్కటి ఉంటే దాన్ని ఖాళీగానే వదిలి కార్డు పోస్టు చేసేవారు. "వేసేయండి బావగారూ, ఎవరు చూడొచ్చారు?" అన్నాను ఒకసారి. "నేను చూస్తన్నాగా అమ్మాయ్" అన్నారు. ఆ మాట తరవాత నేనెప్పుడూ అలా అడగలేదు.

మా అక్క పోయిన మరుసటేడు, ఆఫీసు అరుగు మీద ఎవరికో కాగితం చదివి వినిపిస్తూ వినిపిస్తూ ఒరిగిపోయారు. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ పోయాయి. నరసరావుపేటలో పెద్ద డాక్టరు చూసి, "ప్రాణానికి భయం లేదు. మాట రావడం కష్టం. తెలివి ఎంతవరకు ఉందో చెప్పలేను" అన్నాడు. ఆ చివరి మాట మా ఇంట్లో అందరికీ వేరుగా వినపడింది. తెలివి లేదన్నాడనే అనుకున్నారు. ఇక చూసుకోండి. ఆయన ఎదుటే ఆయన గురించి మాట్లాడటం మొదలైంది. చూడవచ్చిన చుట్టాలు మంచం పక్కనే కూర్చుని, ఎన్నాళ్ళుంటాడో, ఉండి ఎవరికి సుఖమో చర్చించుకునేవారు. "మెల్లగా అనండి" అంటే, "ఆయనకేం తెలుస్తదిలేమ్మా" అనేవారు. జీవితమంతా పక్కవాడు విన్నాడా, వాడికి తెలిసిందా అని ఆరాటపడిన మనిషిని ఎవరూ ఏమీ అడగడం లేదు. ముద్ద పెట్టేటప్పుడు కూడా నోరు తెరిపించి పెట్టడమే. నాకు ఆ బాధ ముల్లులా ఉండేది. నిజంగానే తెలియకపోతే సరే. తెలిసి పడుంటే?

ఇంటికి తెచ్చిన మూడోనాటి నుంచి ఎడమచేతి వేలితో దుప్పటి మీద గీతలు గీయసాగారు. ఎడమ నుంచి కుడికి ఒకటి, పై నుంచి కిందికి ఒకటి. గీసి మా వంక చూసేవారు. మళ్ళీ గీసేవారు. పక్కింటి ముసలమ్మ చూసి, "తల ఉత్తరానికి పెట్టారేమే? మంచం తిప్పమంటన్నాడు, మీకు తెలవట్లా" అంది. నిజమే, తొందరలో ఉత్తరం తల పెట్టి పడుకోబెట్టాం. నాలిక్కరుచుకుని తూర్పుకు తిప్పాం. గీతలు ఆగలేదు. దక్షిణానికి తిప్పాం. ఆగలేదు. పడమటికి తిప్పుతుంటే మంచం గుమ్మంలో ఇరుక్కుని, లోపలివాళ్ళు లోపల, బయటివాళ్ళు బయట ఉండిపోయాం. మా ఆయన పట్టెమంచం కోళ్ళకు మొక్కినంత పని చేసి బయటికి లాగాడు. నాలుగు రోజుల్లో ఆ మంచం నాలుగు దిక్కులూ చూసింది. మా బావగారు అలిసిపోయి కళ్ళు మూసుకునేవారు.

గురువారం వచ్చింది. అలవాటు కొద్దీ పత్రిక తెప్పించి కిటికీలో పడేశాను. జావ తాగిస్తుంటే ఆయన చూపు నా మీద లేదు, కిటికీ మీద ఉంది. వేలు దుప్పటి మీద కదిలింది. ఎడమ నుంచి కుడికి. పై నుంచి కిందికి. గిన్నె కింద పెట్టేశాను.

"బావగారూ, తూర్పూ దక్షిణమా?" అన్నాను.

కళ్ళు మూశారు. రెప్పల కింద నుంచి నీళ్ళు కారి చెవిలోకి పోయాయి. నాకూ ఆగలేదు. అయినా అనుమానం. కన్నీళ్ళు పిచ్చివాళ్ళకూ వస్తాయి గదా. పత్రిక తెచ్చి విప్పి, కళ్ళకు కనపడిన మొదటి ఆధారం చదివాను. "తలకిందులైన తీగ. రెండు." "లత బావగారూ. తీగంటే లతే గదా" అన్నాను. ఎడమ బొటనవేలు మడిచి పిడికిలి బిగించారు. కాదట! ఇంత తేలికైనది కూడా కాదంటున్నారంటే డాక్టరు భయపడిందే నిజమేమో. గిన్నె తీసుకుని లేవబోయి ఆగాను. తీగ హద్దురాయి. మరి మిగిలిన చేను నేను కొలవనే లేదు.

మళ్ళీ కూర్చున్నాను. "తలకిందులైంది తల. తల అన్న మాటను కింద నుంచి పైకి చదివితే లత" అన్నాను.

పిడికిలి విచ్చుకుంది. పత్రిక దగ్గరికి పెట్టాను. ఆయన ఎడమ బొటనవేలు వణుకుతూ వచ్చి ఆ గడి మీద ఆనింది. వేలిముద్ర వేసినట్టు, అటూ ఇటూ ఒకసారి దొర్లింది. ఎంతమంది చేత ఆ వేలు వేయించారో ఆయన. చదివి వినిపించగా విని, సమ్మతించి.

ఇంట్లో చెబితే నవ్వారు. "నీ ఆశ పిన్నీ. వేలు వణికుంటది" అన్నాడు సాంబశివరావు. వాడు మంచివాడే. నరసరావుపేటలో ఉద్యోగం, ప్రతి ఆదివారం పెళ్ళాంతో సహా వచ్చి తండ్రికి ఒళ్ళు తుడిచి వెళ్ళేవాడు. కాని తొందర మనిషి. ఆ ఆదివారం వస్తూ వస్తూ పకోడీల కోటేశును వెంటబెట్టుకొచ్చాడు, గోనెసంచితో సహా. మూలగదిలో ఉన్న ఆయన గళ్ళ పుస్తకాలు ముప్ఫై పైచిలుకు కట్టలు, పొట్లాలకు ఇచ్చేయడానికి.

"మీ నాన్నను అడిగావా?" అన్నాను.

"అడిగేదేంది పిన్నీ? తెలిసే మనిషైతే అడగనా?"

"తెలవదని నీకెవరు చెప్పార్రా?"

"డాక్టరు."

"డాక్టరు చెప్పలేనన్నాడు. తెలవదనలా. ఇట్రా. ఒక్క ఆధారం నువ్వే చదువు, నువ్వే చెప్పు. నేను నోరెత్తను. ఆయన ఒప్పుకోకపోతే కట్టలు నేనే మోసుకొచ్చి కోటేశు సంచిలో వేస్తా."

కోటేశు సంచి భుజాన వేసుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. సాంబశివరావు విసుగ్గా పత్రిక అందుకుని, అప్పటిదాకా ఎవరూ ముట్టని ఆధారం ఒకటి చదివాడు. "అత్తకి సగం రుచి చూపిస్తే గుప్పుమంటుంది. మూడు."

"మా అమ్మ మీద గాదు గదా?" అంది వాడి భార్య విజయ, తలుపు దగ్గర నుంచి.

"నువ్వుండవే. గుప్పుమనేది... అత్తరు. నాన్నా, అత్తరు."

పిడికిలి బిగిసింది.

"చూశావా పిన్నీ! చక్కటి జవాబు చెబితే కాదంటన్నాడు. ఏం తెలుస్తంది ఈయనకి?"

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. నోరెత్తనని మాట ఇచ్చానాయె, చెప్పకుండా ఆగలేక ప్రాణం పోయినంత పనయింది. విజయే అంది, "ఎందుకో చెప్పండి మరి. మామయ్యగారు ఎందుకో చెప్పందే ఒప్పుకోరంటగా."

"ఎందుకేంది ఎందుకు... అత్త ఉంది. సగం రుచి..." వాడు ఆగాడు. పత్రిక ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. "రుచిలో సగం రు. అత్త పక్కన రు. నాన్నా, అత్త, రు. అందుకని అత్తరు."

బొటనవేలు పిడికిట్లోంచి బయటికొచ్చి గాలిలో వెతుక్కుంది. వాడు పత్రిక కింద పెట్టాడు. వేలు గడి మీద ఆనింది.

సాంబశివరావు నేల మీద చతికిలబడ్డాడు. "నాన్నా" అన్నాడు. ఇన్నాళ్ళూ నాన్న గురించి మాట్లాడాడు. నాన్నతో మాట్లాడింది అప్పుడే. ముక్కు తుడుచుకుని, "కోటేశూ, నువ్వు పోవయ్యా" అన్నాడు.

"పొమ్మనేది నువ్వా?" అన్నాను. "అడుగు."

వాడు తండ్రి చెవి దగ్గరికి వంగాడు. "నాన్నా, నీ గళ్ళ పుస్తకాలు కోటేశుకిచ్చేయనా?" పిడికిలి. "సరే, ఇవ్వనులే." మళ్ళీ పిడికిలి. "ఇదేంది పిన్నీ, ఇస్తానన్నా కాదంటన్నాడు, ఇవ్వనన్నా కాదంటన్నాడు!"

"ఎందుకో చెప్పలా మీరు" అంది విజయ.

అప్పుడు వాడు దస్తావేజు చదివినట్టు మెల్లగా చెప్పాడు. మూలగది ఖాళీ అయితే అక్కడ నీళ్ళ పొయ్యి, స్నానానికి కుర్చీ పెట్టవచ్చునని. రోజూ తడిగుడ్డతో తుడవడం కాక ఒంటి మీద నీళ్ళు పోయవచ్చునని. కింది కట్టలకు చెదలు పట్టిందని. తనకు ఆ గళ్ళు చదివే ఓపిక లేదని, అబద్ధమాడనని. బావగారు పైకప్పు చూశారు. తరవాత నన్ను చాలాసేపు చూశారు. తరవాత కొడుకు అరచెయ్యి మీద బొటనవేలు ఆనించి, దొర్లించారు.

నేను కాపాడదామని తగువు పెట్టుకున్న పుస్తకాలను ఆయనే ఇచ్చేశారు! నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. విప్పిన చిక్కు మీద ఆయనకు ఇక మమకారం లేదు. అడగడమే కావలసింది. అడిగితే ఇచ్చేవారే.

ఆ తరవాతి రెండేళ్ళూ ఆ ఇంట్లో ఆయన్ను అడగకుండా ఏదీ జరగలేదంటే అతిశయోక్తి కాదు. కూర ఏం చేయాలో రోజూ అడిగేవాళ్ళం. దొండకాయకు ఒక్కనాడు కూడా వేలు పడలేదు. మా పెద్దవాడు చదువు మాని లారీ ఎక్కుతానంటే, వాడి చేతనే కారణాలు చెప్పించుకుని మూడు రోజులు పిడికిలి తీయలేదు. చివరికి వాడే విసిగి బడికి పోయాడు. సాంబశివరావు ఆదివారం వస్తే ముందు తండ్రి పక్కన కూర్చుని వారంలో జరిగిందంతా చెప్పేవాడు. చుట్టాలు వస్తే, "ఆయనకన్నీ తెలుసు, చూసి మాట్లాడండి" అని విజయ గుమ్మంలోనే చెప్పేది. గురువారాలు మాత్రం నావి. నేను ఆధారం చదవాలి, కారణం చెప్పాలి, ఆయన వేలు ఆనించాలి. నోరున్నప్పుడు ఆయన నేర్పిన దానికన్నా నోరు పోయాక నేర్పిందే ఎక్కువ. తప్పించుకోవడానికి వీల్లేదు గదా, అంతా నేనే చెప్పాలి. ఆ రెండేళ్ళు నా జీవితంలో మంచి రోజులు. ఆయనకూ అంతేనని, చాలాసార్లు వేలు ఆనించిన తరవాత వెంటనే తీయకపోవడం చూసి అనుకునేదాన్ని.

నిగర్వి, నిర్మలుడు, సత్యసంధుడు అని లేఖరులు ఆయన గురించి రాస్తారు. అన్నీ నిజమే. నేను మాత్రం ఇంత చెప్పగలను. ఎదుటివాడికి తెలుస్తుందని నమ్మి మాట్లాడిన మనిషి. మూడో తరగతి దానికీ తెలుస్తుందని నమ్మారు, నిశాని వేసే ముసలమ్మకూ తెలుస్తుందని నమ్మారు. అటువంటి పుణ్యపురుషుడు మా గురజాలలో మళ్ళీ పుట్టడం కష్టం.

మొన్న పకోడీల కోటేశు ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక కాగితం, నూనె అంటకుండా మడిచి పట్టుకున్నాడు.

"అక్కా, ఇది మీ బావగారి రాతే. ఆఖరి కట్టలోది."

"దాచుకోమని తెచ్చావా కోటేశూ?"

"కాదక్కా. పొట్లాలు కట్టేటప్పుడు ఆ అంచుల్లో రాసింది చదవడం చానా పట్టుబడింది నాకు. రెండేళ్ళబట్టి చదవకుండా ఒక్కటీ చింపలా. కస్టమర్లు తిట్టేవాళ్ళు. దీంట్లో ఆధారం ఉంది, జవాబు ఉంది, ఎందుకో రాసిన మూల ఎలక కొట్టింది. రెండ్రోజుల్నుంచి తెగట్లా. ఎందుకక్కా?"

కాగితం తీసుకుని చదివాను. హద్దురాయి దొరికింది. చేను కొలిచాను. వెనక నుంచి చదివాను, కింద నుంచి చదివాను, సగం సగం చేశాను. కోటేశు గోడకు ఆనుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. జవాబు కళ్ళ ముందే ఉంది, ఎందుకో మాత్రం అంతుపట్టలేదు.

"ఉండు కోటేశూ, బావగారిని అడుగుతా" అని లేచాను. కాగితం పట్టుకుని ఆయన గది గుమ్మం దాకా వెళ్ళాను. అక్కడ ఆగి, ఆ ఖాళీ గదికి ఒక నమస్కారం పెట్టుకుని వెనక్కి వచ్చాను.